ఎండతో వెలిగిన ప్రభ

సోమవారం, రాత్రి

నా సోలార్ చార్జింగ్ స్టేషన్‌లో పగలంతా ఎండకు నిండిన బ్యాటరీని సాయంత్రం, వెదురు గడలతో ఎత్తుగా కట్టి దీపాలు అలంకరించిన మా ఊరి ప్రభ బండికి ఎక్కించాం. కోటప్పకొండ తిరునాళ్లకు ఈసారి డీజిల్ జనరేటర్ వద్దని పంతం పట్టింది నేనే. స్విచ్ వేయగానే ప్రభంతా ధగధగలాడింది. ఏటా దాన్ని కట్టించే కోటయ్య బాబాయి మాత్రం మొహం ముడుచుకున్నాడు.

"మోత లేకపోతే మన ప్రభ వస్తందని ఎవరికి తెలుసుద్దే అమ్మాయ్?"

"ఈ వెలుగు చూస్తే తెలవదా బాబాయ్?"

వెలుగు గురించి నాకు దిగుల్లేదు. కాకపోతే కొండ కింద బండ్ల రద్దీలో తెల్లవార్లూ ఇరుక్కుని బ్యాటరీ అయిపోతేనో... రెండో బ్యాటరీ కూడా నింపి పెడతాను. బాబాయే జనరేటర్ లేకుండా ప్రభను కదలనివ్వనంటే ఎట్లా అనుకుంటూ ఇంటికొచ్చాను.

ఇందాక అన్నం తినేటప్పుడు ఆయనే ఫోన్ చేశాడు. "డప్పులోళ్లని ఇంకో నలుగుర్ని మాట్లాడా. మోత సంగతి నేను చూసుకుంటా, దీపాల సంగతి నువ్వు చూసుకో."