నమూనా: మగ, ఒకటి

ఆర్డర్ల విభాగం అధికారి గారికి,

అయ్యా, నమస్కారం. నేను ఇరవై ఏళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నాను. మగవారి సంతాన సమస్యల మీద పరిశోధనకని, బ్యాక్టీరియా చేత తయారు చేయించిన మనిషి హార్మోను ఒకటి మీ కేటలాగులో చూశాను. ఒక్క సీసా కావాలి. ల్యాబులకే అమ్ముతామని రాశారు. మాదీ ల్యాబే, బోర్డు కూడా ఉంది. పార్సిలు అక్కడికే పంపండి, ఇంటికి మాత్రం వద్దు.

ఇట్లు,
పళ్ళ ల్యాబు యజమాని

తా.క. నా ఈమెయిళ్ళు మా ఆవిడ చూస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

యజమాని గారికి,

నమస్కారం. పళ్ళవాళ్ళకు ఈ హార్మోనుతో ఏం పనో నాకు తెలియదు, అడగడం నా ఉద్యోగమూ కాదు. ఫారం పంపుతున్నాను. ప్రయోగం దేని మీదో, దాన్ని ఎక్కడ ఉంచుతారో, చివర్లో ఏం చేస్తారో రాయండి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా మా పెద్ద శాస్త్రవేత్త ఒప్పుకోరు.

ఇట్లు,
ఆర్డర్ల గుమస్తా

తా.క. 'అయ్యా' అన్నారు. నేను ఆడమనిషిని. ఇద్దరు మనవరాళ్ళు కూడా ఉన్నారు.

అమ్మా,

క్షమించండి. ఫారం నింపాను. ఒక్క అబద్ధం కూడా రాయలేదు.

నమూనా: మగ, ఒకటి.
వయసు: ముప్పై తొమ్మిది.
ఉంచే చోటు: పగలు ల్యాబు, రాత్రి ఇల్లు.
స్వభావం: నెమ్మది. ఎవరినీ కరిచిన దాఖలా లేదు.
ప్రయోగం ముగిశాక నాశనం చేసే పద్ధతి: అంతవరకూ వద్దని మనవి.

ఇట్లు,
పళ్ళ ల్యాబు యజమాని

తా.క. ఆఖరి గడి చదివాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు.

యజమాని గారికి,

మీ ఫారం చూడటానికి ఆఫీసు ఆఫీసంతా నా బల్ల చుట్టూ మూగింది. ముప్పై తొమ్మిదేళ్ళ కోతిని తన సర్వీసులో చూడలేదని మా పెద్ద శాస్త్రవేత్త పొంగిపోతున్నారు. సోమవారం కెమెరాతో స్వయంగా వస్తారట. బోను కడిగించి ఉంచండి.

ఇట్లు,
ఆర్డర్ల గుమస్తా

తా.క. అరటిపండ్లు తేవచ్చా అని కనుక్కోమన్నారు.

అమ్మా,

ఆయన్ని రానివ్వకండి, మీకు పుణ్యముంటుంది. ఆ నమూనా నేనే.

పెళ్ళయి పదకొండేళ్ళయింది, పిల్లలు లేరు. మూడేళ్ళ క్రితం రహస్యంగా పరీక్ష చేయించుకున్నాను. లోపం నాదని తేలింది. ఆ కాగితం ల్యాబులో దాచేశాను. మా అక్కలు ఇంటికొచ్చినప్పుడల్లా మా ఆవిణ్ణి దెప్పుతారు. ఆమె టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోతుంది. నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తాను. మీ సీసాతో గుట్టుచప్పుడు కాకుండా బాగుపడితే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదనుకున్నాను. రాస్తుంటేనే సిగ్గుగా ఉంది.

ఇట్లు,
పళ్ళ ల్యాబు యజమాని

తా.క. అరటిపండ్లు నాకు పడవు.

తమ్ముడూ,

మా సీసాలో చిటికెడు పొడి కూడా ఉండదు. గాజు పళ్ళెంలో పెంచిన కణాల మీదో, జంతువుల మీదో ప్రయోగించి, ఏమవుతుందో చూస్తారు. అది మనుషులకిచ్చే మందు కాదు. ఎప్పటికైనా అవుతుందో లేదో మావాళ్ళకే తెలియదు. మంచి డాక్టరు దగ్గరికి వెళ్ళు. కానీ ముందు మీ ఆవిడకు చెప్పు. నువ్వు పడాల్సిన మాటలు మూడేళ్ళుగా ఆ పిల్ల పడుతోంది. ఇంతకన్నా మెత్తగా రాయడం నాకు చేతకాదు.

ఇట్లు,
ఆర్డర్ల గుమస్తా

తా.క. కోతి పోయిందని ఆఫీసులో చెప్పాను. మా పెద్దాయన మధ్యాహ్నం భోజనం ముట్టలేదు.

అక్కయ్యా,

చెప్పేశాను. ఆమె ఏడవలేదు, అరవలేదు. "తెలుసు" అంది. నాకు క్యారేజీ తెచ్చిన ఒక రోజు ఆ కాగితం ఆమె కంట పడిందట. అదీ మూడేళ్ళ క్రితమే.

"మరి మా అక్కలు అన్నేసి మాటలంటుంటే నోరు మెదపవేం?" అన్నాను.

"చెప్తే మీరు వాళ్ళ ముందు తలెత్తుకోలేరు. నాకైతే అలవాటైపోయింది" అంది.

పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. అక్కలిద్దరికీ ఆ పూటే నేనే ఫోన్ చేసి, లోపం నాదని చెప్పాను.

ఇట్లు,
మీ తమ్ముడు

తా.క. నిన్న ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. కాగితాలింకా తీయకముందే ఆయన, "సమస్య ఎవరిలో ఉంది?" అని అడిగాడు. "నాలో" అన్నాం, ఇద్దరం ఒకేసారి.