అవని కంప్యూటర్‌లో బొమ్మ పోయిన వారం

కమ్మింగ్,
అక్టోబరు 17, శుక్రవారం

ముప్పై ఏళ్ళు నాతో టాకీసు ప్రొజెక్టర్ పక్కన ఒకే క్యాబిన్‌లో ఉడికిన యాదయ్యకు,

అంజయ్య రాస్తున్నాడు. చేతిరాత చూసి నవ్వకు. నాలుగో తరగతిలో బడి వదిలినవాడి రాత ఇంతకంటే బాగుండదు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఈ అమెరికాలో ఇళ్ళను అట్టలతో కడతారు. కింద నేను దగ్గితే పైన మా అల్లుడు "మందేసుకున్నారా మామయ్యా?" అని అడుగుతాడు. నేను చెప్పబోయేది ఈ ఇంట్లో ఎవరి చెవినా పడకూడదు. అందుకే రాత.

ముందు ఇక్కడి మేధావుల సంగతి విను. మా విజయశ్రీ కూతురు అవనికి పదహారేళ్ళు. కంప్యూటర్‌లో బొమ్మలు గీసి వాటిని నడిపిస్తుంది. ఒక ముసలి తాబేలు కార్ల రోడ్డు దాటుతుంది, అంతే కథ. నాలుగు నిమిషాల సినిమా. దానికి పది నెలలు పట్టింది. ఈ నెల 26లోగా ఒక కాలేజీకి పంపాలి. వాళ్ళకు నచ్చితే వచ్చే వేసవంతా పిలిపించుకుని నేర్పుతారట. అది రాత్రింబవళ్ళు అదే ధ్యాసలో ఉంది. ఆ కంప్యూటర్ కూడా కొన్నది కాదు. సామాన్లు ఒక్కొక్కటి తెప్పించుకుని, నేల మీద పరుచుకుని, స్క్రూలు తనే బిగించుకుంది. ఈ ఇంట్లో చేతిపని వచ్చినది అదొక్కతే.

మొన్న మంగళవారం స్కూల్ నుంచి వచ్చి స్విచ్ వేస్తే లోపల ఫ్యాన్ తిరుగుతోంది, దీపాలు వెలుగుతున్నాయి, కంపెనీ గుర్తు ఒకసారి కనబడింది. ఆ తర్వాత తెరంతా నలుపు. మధ్యలో చిన్న బాణం గుర్తు మాత్రం ఈగ వాలినట్టు ఉంది. పిల్ల ముఖం చూడలేకపోయాను.

మా అల్లుడు ఫణి వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్ ఉద్యోగం. ఆ పెట్టెను ఎటువైపు నుంచి తెరవాలో అతనికి తెలియదు. ఆపి వేశాడు. మళ్ళీ ఆపి, మళ్ళీ వేశాడు. ఇరవై ఏళ్ళ అనుభవం అంతటితో అయిపోయింది. ఇక పిల్ల మీద పడ్డాడు.

"అప్‌గ్రేడ్ కొట్టావా?"

"లేదు డాడీ. ఫిల్మ్ సబ్మిట్ చేసేవరకు చెయ్యను అని చెప్పాను కదా."

"మరి గేమ్స్ ఏమన్నా వేశావా?"

"నేను ఏమీ చెయ్యలేదు!"

"ఏమీ చెయ్యకుండా దానంతటదే పోతుందా? అబద్ధాలు కూడా నేర్చుకున్నావ్."

పిల్ల ఫోన్ లాక్కున్నాడు. పై నెలలో ఇప్పిస్తానన్న డ్రైవింగ్ టెస్ట్ కూడా లేదన్నాడు.

నిన్న సాయంత్రం ఫణి స్నేహితుడు రవికుమార్ వచ్చాడు. తెర మీద బొమ్మ వచ్చే విద్యలోనే ఉద్యోగమట. చేతిలో టార్చ్‌లైటు, భార్య పంపిన పులిహోర డబ్బా. పులిహోర బాగుంది. మిగతాది చెబుతా విను. వైరు మార్చాడు. తెర మార్చాడు. పెట్టె మూత తీసి టార్చ్ వేసి, లోపల పాముందన్నట్టు దూరం నుంచి చూశాడు. నేను పక్కనే నిలబడ్డాను.

"ఇది హార్డ్‌వేర్ ఇష్యూ అంకుల్. మీకు చెప్పినా అర్థం కాదు."

"నాకు కాకుంటే పోనీ. నీకైతే అర్థమైందా?"

నవ్వి టార్చ్ ఆర్పాడు. ఇద్దరూ కూర్చుని టీ తాగి తేల్చిందేమిటంటే, బొమ్మ చూపించే కార్డైనా కాలిపోయి ఉండాలి, లేదా లోపల అంతా పాడై ఉండాలి. ఆదివారం వచ్చి మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కిస్తాడట. అవని లేచి నిలబడింది.

"మరి నా ఫిల్మ్?"

"బ్యాకప్ ఉంటుందిగా అమ్మా?"

"ఆగస్టు వరకే ఉంది అంకుల్."

"అయ్యో," అని పులిహోర డబ్బా మూత పెట్టుకున్నాడు. ఫణి మాత్రం, "అది నీ తప్పు. అనుభవించు," అన్నాడు.

ఆ పిల్ల రెండు నెలల పని ఆదివారం చీపురుతో ఊడ్చినట్టు పోతుంది. వీళ్ళంతా చదువుకున్నవాళ్ళు. ఇంకా చెప్పాల్సింది ఉంది. ఇవాళ చెయ్యి రావడం లేదు.

నీ
అంజయ్య


కమ్మింగ్,
అక్టోబరు 18, శనివారం

యాదయ్యా, నా గుట్టంతా తెలిసినవాడా,

నిన్నటి ఉత్తరంలో అందరినీ తిట్టాను. ఒకడిని వదిలేశాను. వాడి సంగతి ఇవాళ.

పగలు అందరూ వెళ్ళిపోయాక అవని గదిలో కూర్చుని దాని పెద్ద తెర మీద మన పాత సినిమాలు చూస్తాను. అదే ఏర్పాటు చేసింది. ఇక్కడ నొక్కు తాతా, సినిమా వస్తుంది అని. మంగళవారం సినిమా మధ్యలో ఒక డబ్బా వచ్చి తెరకు అడ్డంగా కూర్చుంది. నిండా ఇంగ్లీషు. కింద రెండు బొత్తాలు. ఒకటి తెల్లది, ఒకటి నీలంగా మెరిసేది. ఈ దేశంలో మెరిసే బొత్తం నొక్కితే పని అవుతుంది. లిఫ్టులో అంతే, కొట్లో కార్డు గీకే దగ్గరా అంతే. ఏడు నెలలుగా నాకు తెలిసిన అమెరికా చదువు అదే. నొక్కాను.

సినిమా పోయింది. గుండ్రంగా చుక్కలు తిరిగాయి. అంకెలు వచ్చాయి. అంకెలు నేను చదవగలను కదా, ముప్పై దాకా చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ అన్నానికి పిలిస్తే వెళ్ళాను. తిరిగి వచ్చి చూస్తే నలుపు. పెట్టె బొత్తం నొక్కి ఆపేసి, కుర్చీ సర్ది, దొంగలా బయటికి వచ్చాను.

తెర కింద ఒక పసుపు కాగితం అంటించి ఉంది. ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు. స్కూల్ గోల అనుకున్నాను. సాయంత్రం తెలిసింది. సినిమా పంపేదాకా అప్‌గ్రేడ్ నొక్కవద్దని ఆ పిల్ల రాసిపెట్టుకున్నదట. ఫణి అరుస్తుంటే ఆ కాగితమే పీకి చూపించింది. "రాసి పెట్టుకుని నువ్వే నొక్కావ్," అన్నాడు అతను. అప్పుడు అవని నా వైపు తిరిగింది.

"తాతా, నువ్వు సినిమా చూశావు కదా. ఏమైనా వచ్చిందా?"

"ఇయ్యాల నేను ఆ గదిల అడుగే పెట్టలే."

అన్నాను యాదయ్యా. కళ్ళలోకి చూసి అన్నాను. ఫణి కొంచెం అనుమానంగా చూస్తే ఆ పిల్లే నన్ను వెనకేసుకొచ్చింది. "తాతకి ఇంగ్లీష్ వచ్చు డాడీ. నోట్ చదివి కూడా ఎందుకు నొక్కుతాడు?" అంది.

నాకు ఇంగ్లీషు రాదని నీకొక్కడికే తెలుసు. రీలు డబ్బాల మీద పేర్లు, కంపెనీవాళ్ళ ఉత్తరాలు అన్నీ నువ్వే చదివేవాడివి. మెషిన్ మీది ఇంగ్లీషు మాటలను నేను ఆకారాన్ని బట్టి గుర్తుపెట్టుకున్నాను. విజయశ్రీ సంబంధం చూడటానికి వచ్చినప్పుడు ఫణి నాయన ముందు ఇంగ్లీషు పేపర్ పట్టుకుని కూర్చున్నాను. అప్పటి నుంచి దించలేదు. ఇక్కడ కూడా పొద్దున్నే అల్లుడి పేపర్ పట్టుకుని, బొమ్మలు చూసి, తల ఊపి, "లోకం చెడిపోయింది," అంటాను. ఆ మాట ఏ రోజుకైనా సరిపోతుంది. ఇరవై ఏళ్ళుగా మోస్తున్న ఆ గొప్ప ఇప్పుడు నన్ను కాపాడుతోంది, పిల్లను ముంచుతోంది.

నీకు గుర్తుందో లేదో, ఒకసారి నువ్వు కిరసనాయిలు గుడ్డతో లెన్సు తుడిచి రెండు ఆటలు దాచావు. తెర మీద బొమ్మ మసకగా ఉంటే నేను మెషిన్ దీపంలో కార్బన్ పుల్లలు మార్చాను, అద్దం మార్చాను, మెషిన్ సగం విప్పాను. బొమ్మ చెడితే మొదట అడగాల్సింది ఒకటే, చివర చెయ్యి పెట్టింది ఎవరని. నువ్వు చెప్పలేదు. రెండు నెలలు నీతో మాట్లాడలేదు నేను. లెన్సు పాడుచేసినందుకు కాదు, దాచినందుకు. నిన్ను ఎన్ని మాటలు అన్నానో నాకే సిగ్గుగా ఉంది. సిగ్గులేనివాడిని నేనే అయ్యాను. ఫణికి పెట్టె తెరవడం రాదు, రవికుమార్‌కు టార్చ్ వేయడం తప్ప ఏమీ రాదు అని రాశాను. రాకపోవడం తప్పు కాదు. అప్‌గ్రేడ్ జరిగిందని వాళ్ళకు ఖాయంగా తెలియకుండా ఏడుగురు రవికుమార్‌లు వచ్చినా వెతికేది తప్పు చోటే. వాళ్ళకు కావలసిన మాట నా నోట్లో ఉంది, నేను నమిలి మింగుతున్నాను.

నిన్న మా రాజేశ్వరమ్మ కంచం ముందు పట్టుకుంది.

"ఏందయ్యా, మూడొద్దుల సంది ముద్ద కలుపుతనే ఉన్నవ్?"

"ఆకలైతలేదు."

"ఆకలి లేకుంటే లే. అన్నాన్ని ఎందుకు సతాయిస్తవ్?"

ఇంటికి పోయే టికెట్ ముందుకు జరిపించమని, చలి పడటం లేదని విజయశ్రీతో చెబుదామనుకున్నాను. చెప్పడానికి నోరు కూడా తెరిచాను. అప్పుడే అవని మెట్లు దిగి నీళ్ళు తాగి, ఎవరితో మాట్లాడకుండా పైకి పోయింది. నోరు మూసుకున్నాను. రేపు రవికుమార్ వచ్చేలోపు చెబుతాను. చెప్పకపోతే నువ్వు నా ముఖం చూడకు.

అంజయ్య


కమ్మింగ్,
అక్టోబరు 27, సోమవారం

యాదయ్యా, నాకంటే మంచివాడా,

చెప్పాను. అంత బాగా చెప్పలేదు. అన్న ఆదివారమే రవికుమార్ తుడిచే సామాను అగ్గిపెట్టెంత దాంట్లో పెట్టుకుని వచ్చాడు. ఫణి తలుపు తీశాడు. ఇద్దరూ మెట్లు ఎక్కబోతుంటే అడ్డం నిలబడ్డాను.

"ఆగుండ్రి. అప్‌గ్రేడ్ నేనే నొక్కిన. మంగళారం పగటీలి."

"మీరా మామయ్యా?" ఫణి మెట్టు మీంచి కాలు తీశాడు.

"నోట్ ఉంది కదా అంకుల్ అక్కడ?" అన్నాడు రవికుమార్.

"చదవరాదు నాకు. ఇంగ్లీషు ముక్క రాదు."

"మరి రోజూ పేపర్..."

"బొమ్మలు చూస్త."

వంటింట్లోంచి మా ఆవిడ తొంగి చూసింది. "పెండ్లైన ఏడాదే తెల్సు నాకు. మందు సీసా తలకిందులు పట్టుకుని చదివిండు," అంది. నలభై ఎనిమిదేళ్ళుగా ఆమె దగ్గర దాచాననుకున్నాను. విజయశ్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నేను చూడలేదు.

రవికుమార్ కుర్చీలో కూలబడ్డాడు. "ఒక్క మాట ముందే చెప్తే అరగంట పని కదా అంకుల్. కొత్త సిస్టమ్‌తో వచ్చిన డ్రైవర్, అదే కార్డుని నడిపే ప్రోగ్రామ్, దాని పాత కార్డుకి పడలేదు, అంతే."

"నువ్వు అడిగినవా నన్ను?"

"మీరు ముట్టుకుంటారని ఎవరనుకుంటారు?"

"గదే. ముసలోడు మనిషేనని అనుకోవాలె." ఆ పొగరు అప్పుడెందుకో నాకే తెలియదు. తప్పు చేసినవాడికి నోరెక్కువ.

అవని మెట్ల మీద నిలబడి అంతా విన్నది. వెనక్కి తిరిగి గదిలోకి పోయింది. మేము వెళ్ళేసరికి స్విచ్ వేసి, పెట్టె పూర్తిగా లేచేలోపే మధ్యలో ఆపుతోంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నాలుగోసారి నీలం తెర వచ్చింది. నీలం అయితేనేం, బొమ్మ బొమ్మే. అక్కడి నుంచి వెనక్కి, పాత సిస్టమ్‌కు పోయే దారి ఉందట. రవికుమార్ చెప్పబోతే, "ఐ నో అంకుల్," అంది. నలభై నిమిషాలు నలుగురం నిలబడ్డాం. ఎవ్వరూ కూర్చోలేదు. అంకెలు నేనే చదివాను, నాకు వచ్చింది అవే కదా. వందకు చేరాక తెర మీద తాబేలు, ఎక్కడ ఆగిందో అక్కడే, రోడ్డు మధ్యలో.

ఈ దేశంలో తలుపుకు భుజం తగిలినా సారీ అంటారు. మా అల్లుడు కూతురితో ఆ మాట అనడానికి గొంతు సవరించుకుంటూ ఉండిపోయాడు. "పిల్లను అబద్ధాలకోరన్నవ్. ఆ మాట వాపస్ తీస్కో," అన్నాను. తీసుకున్నాడు. ఫోన్ ఇచ్చాడు, డ్రైవింగ్ టెస్ట్ కూడా. తర్వాత నా వంతు. నా జన్మలో ఎవరినీ క్షమించమని అడగలేదు, ఎలా అడగాలో తెలియక, "తప్పైంది బిడ్డా," అన్నాను. అవని తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"నొక్కినందుకు కోపం లేదు తాతా. నేను అడిగినప్పుడు చెప్పలేదు. నేను నీ సైడ్ మాట్లాడాను."

అంతే అంది. పోయిన ఐదు రోజులు తిరిగి రావు కదా, వారమంతా స్కూల్ నుంచి రావడం, గదిలో పడటం. నాతో మాట లేదు. నేను గడపలో నిలబడితే తలుపు వేసేది కాదు, రమ్మనేది కూడా కాదు. నిన్న మధ్యాహ్నం సినిమా పంపేసింది. నచ్చుతుందో లేదో వాళ్ళు మార్చిలో చెబుతారట. ఒక నాలుగు నిమిషాల బొమ్మ చూడటానికి వీళ్ళకు ఐదు నెలలు. మన టాకీసులో మొదటి ఆటకే జనం చెప్పేవారు.

పంపిన తర్వాత కిందికి వచ్చింది. నేను ఎప్పటిలాగే పేపర్ పట్టుకుని కూర్చున్నాను, అలవాటు చావలేదు. నా చేతిలోంచి తీసి మడిచి పక్కన పెట్టింది. ఒక కాగితం మీద రెండు అక్షరాలు రాసి నా ముందు పెట్టింది.

"ఇది నో. చదువు."

"నో."

"మళ్ళీ."

"నో."

"తెలియని బాక్స్ ఏది వచ్చినా ఈ రెండు లెటర్స్ వెతుకు. దొరకకపోతే ఏదీ నొక్కకు. నాకు కాల్ చెయ్యి."

"నువ్వు క్లాసుల ఉంటే?"

"అప్పుడు కూర్చో తాతా. నేను వచ్చేదాకా కూర్చో."

ముఖంలో నవ్వు లేదు. కానీ పక్కన కూర్చుంది, లేవలేదు. డెబ్బై నాలుగేళ్ళకు నేను చదివిన మొదటి ఇంగ్లీషు మాట ఇది యాదయ్యా. రెండే అక్షరాలు, రెండు మూలలు తిరిగిన గీత, ఒక సున్నా. ఇంత చిన్న మాటకు భయపడి ఇన్నేళ్ళు పేపర్ చాటున కూర్చున్నాను.

రేపు ఇంకో మాట నేర్పుతుందట.

నీ
అంజయ్య