అత్త నుదుటి గుడ్డ

బుధవారం రాత్రి

నా మైగ్రేన్ నిలవ చేపల పులుసు వల్లేనని అత్త పులుసు మాన్పించింది. అయినా తగ్గలేదు. మొన్న గూడూరు డాక్టరమ్మ, "ఏం తింటున్నావో సరే, ఎప్పుడు తింటున్నావు?" అని అడిగింది. మా ఇంట్లో, వేటకెళ్లిన పడవ ఒడ్డుకు చేరేదాకా ఆడవాళ్లం అన్నం ముట్టమని చెప్పాను. "ఒట్టి కడుపుకే ఈ నొప్పి లేస్తోంది" అంది. పక్కనున్న అత్త కూడా వింది.

ఈ రోజు మధ్యాహ్నం దాటినా మా ఆయన పడవ రాలేదు. అత్తే నా ముందు కంచం పెట్టింది.

"తిను మే. వాడికోసం నేను కాసుకోనుంటాలే."

"నువ్వూ తిను అత్తా."

"నాకు అలవాటే మే."

ఎప్పటిలాగే నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుని, కళ్లు మూసుకుని గుమ్మంలో కూర్చుంది.

ఇన్నేళ్లూ ఆ గుడ్డ ఎండకనుకున్నాను. గుమ్మంలో ఎండే లేదు.