ఉక్కు కడ్డీ, ఇత్తడి కడ్డీ, మా బావమరిది

జూన్ 1, సోమవారం
మా వర్క్‌షాపులో ఫోర్‌మన్ పోస్టు ఖాళీ అయింది! పద్నాలుగున పరీక్ష. రాసేది ఇద్దరమే: నేను, నా బావమరిది. వాణ్ణి ఇక్కడ చేర్పించింది నేనే. ఇప్పుడు పోస్టు వాడికొస్తే వాడి కింద పనిచేయాలి. పని మాట అటుంచి, అత్తవారింట్లో ఏ మొహం పెట్టుకుని భోజనానికి కూర్చోను?
కడ్డీల వ్యాకోచం మీద లెక్క తప్పకుండా వస్తుందట. ఇవాళ్టి నుంచి రోజుకు పది లెక్కలు. కొత్త పెన్ను కొన్నాను. పుస్తకానికి అట్ట వేశాను. అట్ట వేసేసరికి భోజనాల వేళయింది.

జూన్ 2
తొలి లెక్క. ఇరవై డిగ్రీల దగ్గర ఉక్కు కడ్డీ మీటరు. ఇత్తడి కడ్డీ ఒక మిల్లీమీటరు పొట్టి. వేడిచేస్తే ఇత్తడి ఎక్కువ సాగుతుంది కాబట్టి ఎక్కడో ఒకచోట రెండూ సమానమవుతాయి. ఎన్ని డిగ్రీల దగ్గర? నాకొచ్చింది లక్షా అరవై ఆరు వేలు. పుస్తకంలో నూట ఎనభై ఏడు. అన్నీ అచ్చుతప్పులే!

జూన్ 3
బావమరిది వాళ్ళ అక్కను చూడ్డానికి వచ్చాడు. నా నోట్సు చూసి, మిల్లీమీటర్లను మీటర్లలోకి మార్చలేదన్నాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

జూన్ 5
నిన్న తలనొప్పి. ఇంకా ఎన్ని లెక్కలు మిగిలాయో లెక్కేశాను. ఇవాళ చేసిన లెక్క అదొక్కటే.

జూన్ 7, ఆదివారం
అసలు లెక్కలెందుకు? వేడిచేసి కొలిస్తే సరి! స్టీలు గరిటె, ఇత్తడి గరిటె పొయ్యి మీద పెట్టి స్కేలు ఆనించాను. ప్లాస్టిక్ స్కేలు. అది వంగిపోయింది. గరిటెలు రెండూ ఉన్నట్టే ఉన్నాయి. వ్యాకోచించింది నా బొటనవేలు ఒక్కటే.
మా ఆవిడ మందు రాస్తూ, సంకోచించకుండా తమ్ముణ్ణి అడగమంది. సంకోచం వేరే పాఠమనీ, పరీక్షకు వచ్చేది వ్యాకోచమనీ చెప్పాను. మందు కాస్త గట్టిగా రుద్దింది.

జూన్ 11
వేలికి బొబ్బ. పెన్ను పట్టలేను. పేకముక్కలకైతే ఎడమ చెయ్యి చాలు.

జూన్ 13
కళ్ళతోనే చదివాను. రెండు కడ్డీల పొడవుల మధ్య తేడా పది సెంటీమీటర్లు. ఎంత వేడిచేసినా ఆ తేడా మారకూడదట. అలాగైతే ఉక్కు ముప్ఫై, ఇత్తడి ఇరవై ఉండాలట. ఎందుకో అర్థం కాలేదు. బట్టీ పట్టాను. ఇదే వస్తే నా పంట పండినట్టే!

జూన్ 14
రాగి, అల్యూమినియం ఇచ్చారు! నేను చదివింది ఉక్కు, ఇత్తడి. పచ్చి మోసం. అయినా ముప్ఫై, ఇరవై అని రాసి వచ్చాను. పక్క బెంచీలో బావమరిది అదనపు కాగితాలు అడిగి తీసుకున్నాడు.

జూన్ 22, సోమవారం
పోస్టు వాడికే వచ్చింది. ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు? మా ఆవిడ సంతోషపడాలో బాధపడాలో తేలక పొద్దున్నుంచి నా మొహం చూడటం లేదు.
ఏడాది చివర్లో ఇంకో పోస్టు ఖాళీ అవుతుందట. సిగ్గు విడిచి వాడి కొత్త గదికి వెళ్ళి, లెక్కలు చెప్పమన్నాను.
"దానికేం బావగారూ, రోజూ షిఫ్టు అయ్యాక రండి," అన్నాడు. నేను బయటికి నడుస్తుంటే వెనకనుంచి మెల్లగా, "కాస్త తలుపు కొట్టి రండి. స్టాఫ్ చూస్తుంటారు," అన్నాడు.
"సరే సార్," అన్నాను. నోరు జారింది.
వాడు సరిదిద్దలేదు.
రేపటి నుంచి రోజుకు ఇరవై లెక్కలు.