ఖాళీ రాడ్డు కాగితం

బావా, అన్నం, గోంగూర బల్ల మీదే పెట్టాను, వంగక్కర్లేదు. బిందె ఎత్తొద్దు, చెంబుతో ముంచుకో. మధ్యాహ్నం బుల్లయ్య బాబాయి వచ్చి నడుముకి తైలం రాస్తాడు.

జిమ్ము మాస్టారు నీకు కొత్తవాళ్ళదొకటి, పాతవాళ్ళదొకటి రెండు కాగితాలు చూపించాడంట గదా. కొత్తవాళ్ళది నీ చొక్కా జేబులో దొరికింది. వారానికి మూడు రోజులే రావాలని, మొదటి నెల బరువులు తగిలించని ఖాళీ రాడ్డే ఎత్తాలని రాసుంది. ఏడో తరగతిలో బడి మానిపించిన నాకే అర్థమైంది. నువ్వేమో "మిరప టిక్కీ బస్తాలు మోసినోణ్ణి, నాకు ఖాళీ రాడ్డేంది?" అని అందరి ముందూ పాతవాళ్ళ కాగితం పట్టావు. నాలుగో రోజుకే మంచం ఎక్కావు.

నీ బదులు కల్లంలో మిరపకాయలు టిక్కీల్లోకి తొక్కించడానికి నేను పోతున్నాను. ఏడాది నిండని పిల్లని నీ దగ్గర వదిలితే, ఏడ్చినా ఎత్తుకోలేవు. అందుకే వెంట తీసుకుపోతున్నాను. కాయల ఘాటుకి నిన్నంతా దగ్గింది. నాకు భయంగా ఉంది.

ఆ కొత్తవాళ్ళ కాగితం అద్దానికి అంటించాను. నడుం కుదిరాక దాంతోనే మొదలుపెట్టు, లేకపోతే అసలు పోవద్దు.

ఇంకోటి. మొన్నటిదాకా పిల్ల నిన్ను చూస్తే ఎత్తుకోమని చేతులు చాపేది. ఇందాక నువ్వు నిద్రపోతుంటే మంచం పక్కన నిలబడ్డాను. చంకలోంచి నిన్ను చూసింది గానీ చేతులు చాపలేదు.