పారేసిన మూట

నందిగామ

బసవయ్య మాస్టారికి నమస్కారాలండి.

మీరు జగ్గయ్యపేట బస్సులో పంపిన మిరపనారు వాడిపోకుండా చేరింది.

ఆ నారు గింజలు మా నాన్నగారు దాచిన పాత రకంలో చివరి వందలోవి. ఆ వందనీ మా విత్తనాల కొట్టు పద్ధతి ప్రకారం తడి గోనెగుడ్డలో మూటకట్టి మొలక చూశాను. పద్నాలుగు రోజులకీ ఒక్కటీ పగల్లేదు. అప్పటికీ మొలవనిది పారెయ్యడమే మాకు అలవాటు. మూటని పెరట్లోకి విసిరేశాను. నాన్నగారు రెండోసారి పోయినట్టనిపించింది.

ఆ సాయంత్రం మీరొచ్చారు. ఎప్పట్లాగే వాదన. ప్రాణాన్ని దేవుడు పుట్టించాడని నేను, అన్నీ కలిసొచ్చి దానంతటదే పుట్టిందని మీరు. వెళ్తూ వెళ్తూ, "ఆ పెరట్లో గుడ్డ నేను తీసుకెళ్తానండి" అన్నారు. దేనికని కూడా అడగలేదు నేను.

ఇప్పుడు నారుతో పాటు మీ చీటీ. "ఇంకో పదిరోజులు తడిపా. పదిహేడు మొలిచాయి. దేవుడి మహిమ అనకండి, కలిసొచ్చిందంతే."

అననులెండి. మొట్టమొదటి ప్రాణం ఎలా పుట్టిందో మనిద్దరం చూడలేదు. ఈ పదిహేడు ఎలా బతికాయో మాత్రం నాకు తెలుసు. నేను విసిరేసిన దాన్ని మీరు వంగి తీసుకున్నారు.

తొలికాపు దేవుడి ముందు పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. ఈసారి అది బస్సులో మీ ఇంటికొస్తుంది. కాదనకండి.

మీతో వాదించే
కొట్టువాడు