కంటిపాప చెప్పిన బేరం

అద్దంకి, ఫిబ్రవరి 8, శనివారం

సఫూరాకు నాన్న దువాలు.

ఈ ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు యలమందయ్య ఎడ్ల బేరం చెడింది. చెడగొట్టింది నేనే. 17న ఆయనకు మోకాలి ఆపరేషన్. ఈలోగా జత ఒకే ఇంటికి పోకపోతే కొడుకులు చెరొక ఎద్దునూ విడివిడిగా అమ్మేస్తారు. ఆరేళ్లు ఒకే కాడి మోసిన ఎడ్లు.

చీమకుర్తి లక్ష్మీకాంత్ గారు బండలాగుడు పోటీలకు జత కావాలని సంతకు వచ్చారు. తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని, వేళ్లతోనే ధర చెప్పుకుంటూ బేరం మొదలెట్టాం. దుమ్ముకు ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కంటిపాపలు చింతగింజలంత ఉన్నాయి. నచ్చిన సరుకు చూస్తే పాప విచ్చుకుంటుంది; ముప్పై ఏళ్లుగా నా దళారీతనమంతా దాని మీదే. ఎడ్లు నచ్చేశాయనుకుని ఇక నేను ధర దిగలేదు. ఆయన వేళ్లు వదిలేసి వెళ్లిపోయారు.

గుంటూరులో రోజూ కళ్లే పరీక్షిస్తావు కదా. ఎక్కడ తప్పాను?

నాన్న, హుస్సేన్ సాహెబ్

తా.క. ఫోనులో అడిగితే సంతంతా వింటుంది. అందుకే ఈ ఉత్తరం గఫూర్ మిర్చి లారీలో పంపుతున్నా. తుమ్ములొస్తే నా తప్పు కాదు.

గుంటూరు, ఫిబ్రవరి 10

నాన్నకు సలాములు.

ఆయన అద్దాలు అంచుల్లో మందంగా ఉన్నాయా? అయితే గట్టి హ్రస్వదృష్టి: దగ్గరిది కనపడుతుంది, దూరం మసక. అలాంటివాళ్లలో చాలామందికి పాప కాస్త పెద్దగానే ఉంటుంది. దగ్గరిది ఆనని దీర్ఘదృష్టి వాళ్లకు కాస్త చిన్నది. తేడా కొద్దిదే, అందరికీ ఒకేలా ఉండదు. పైగా నీడలో ఎవరి పాపైనా విచ్చుకుంటుంది. ఆయన కళ్లు ఎడ్లను మెచ్చుకోలేదు. అవి అంతే.

సఫూరా

తా.క. ఇది చదివి అందరి కళ్లజోళ్లూ తీయించవద్దు.

అద్దంకి, ఫిబ్రవరి 12

సఫూరాకు దువాలు.

పొద్దున్నుంచి అందరి కళ్లజోళ్లూ తీయిస్తున్నాను.

యలమందయ్య దొడ్డికి జక్రయ్య వచ్చాడు. భూతద్దాల్లాంటి జోడు, అంటే దీర్ఘదృష్టి. తీయించి చూస్తే పాప మామూలుగా ఉంది. చిన్నగా ఉండాల్సింది మామూలుగా ఉందంటే విచ్చుకున్నట్టే కదా. గట్టి ధర చెప్పాను. "పళ్లు కూడా చూస్తావా సాహెబ్? అమ్మేది ఎద్దునా, నన్నా?" అన్నాడు. వచ్చింది పలుపుతాడు అడిగి పట్టుకుపోవడానికట.

యలమందయ్య నాతో మాట్లాడటం లేదు. కుడితి పెట్టేటప్పుడు ఎడ్లతో నా గురించి మాట్లాడుతున్నాడు.

నాన్న

తా.క. తాడు చూడగానే మాత్రం జక్రయ్య పాప విచ్చుకుంది.

గుంటూరు, ఫిబ్రవరి 13

నాన్నకు సలాములు.

ముందు మీ కళ్లు చూడాలి. శనివారం మా కంటి శిబిరం అద్దంకిలోనే, సంత పక్క బడిలో. ఎనిమిదింటికి రండి. కంటిపాప విప్పే చుక్కలు వేస్తాం. నాలుగైదు గంటలు దగ్గరివి మసగ్గా ఉంటాయి, ఎండ గుచ్చుతుంది. ఆ పూట బేరాలు వద్దు.

సఫూరా

తా.క. నెల రోజులుగా టీలో ఉప్పు వేసుకుని బాగుందంటున్నారని అమ్మ చెప్పింది.

అద్దంకి, ఫిబ్రవరి 15, శనివారం

సఫూరాకు దువాలు.

పదకొండుంబావుకు ఎడ్లు అమ్ముడయ్యాయి. జత విడిపోలేదు.

చుక్కలు వేశాక నువ్వు చూపించిన బెంచీ మీదే కూర్చున్నాను. కాసేపటికి లక్ష్మీకాంత్ గారు మళ్లీ వచ్చారని కబురొచ్చింది. నీకు చెప్పకుండా వెళ్లాను. ఆయన ముఖమే మసక, ఇక పాపలేం కనపడతాయి. వేళ్లు పట్టుకుని పాత ధరే చెప్పాను. ఆయన నా కళ్లలోకి చూసి, అడిగినదానికే ఒప్పుకున్నారు. వాళ్ల నాన్నా దళారీయేనట, పాప కిటుకు తనకూ తెలుసట. ఎడ్ల మీద ఇంత ప్రేమ ఏ దళారీ కళ్లలోనూ చూడలేదన్నారు.

నాకు మనసొప్పలేదు. చుక్కల సంగతి చెప్పేశాను. ఆయన పగలబడి నవ్వి, సరే, ఎడ్లనే చూద్దాంలెమ్మని పలుపు అందుకోబోయి ఆగారు. యలమందయ్య తాడు వదలడం లేదు. కళ్ల నిండా నీళ్లు.

"ఆయనకూ చుక్కలు వేశారా సాహెబ్?"

"లేదండి."

"అయితే చాలు."

రేపు ఉదయం ఆరింటికి రెండు ఎడ్లూ ఒకే వ్యానులో చీమకుర్తి వెళతాయి. సోమవారం తొమ్మిదింటికి యలమందయ్య ఆపరేషన్. మార్చి 2, ఆదివారం ఎడ్లకు పోటీ. కర్ర పట్టుకునైనా వస్తానని ఆయన నాతోనే చెప్పాడు, ఎడ్లతో కాదు.

నాన్న

తా.క. నా అద్దాలు గురువారం వస్తాయన్నావు. అప్పటిదాకా టీ మీ అమ్మ పెడుతుంది. ఇవాళ్టిది మరీ తియ్యగా ఉంది.